మడత చక్రాల కుర్చీ: కూర్చునేవారికీ, ఎత్తేవారికీ

మడత చక్రాల కుర్చీకి ప్రాణమంతా సీటు కింద ఉన్న రెండు కడ్డీల్లో ఉంటుంది. కత్తెర కాళ్లలా ఒకదాని మీదుగా ఒకటి వెళ్లి, నడుమ ఒక బోల్టు దగ్గర కలుస్తాయి. సీటు గుడ్డను మధ్యలో పట్టుకుని పైకి లాగితే ఆ కత్తెర మూసుకుంటుంది, రెండు పక్కల చక్రాలు దగ్గరికి జరుగుతాయి, రెండడుగులకు పైగా వెడల్పున్న కుర్చీ అడుగు మందానికి వచ్చేస్తుంది. ఈ ఏర్పాటు పుట్టిందే ప్రయాణం కోసం. హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే అమెరికా గని ఇంజినీరుకు 1918లో జరిగిన గని ప్రమాదంలో వెన్ను విరిగి నడక పోయింది. అప్పటి చక్రాల కుర్చీలు బరువైనవి, కారులో పట్టేవి కావు. స్నేహితుడైన మెకానికల్ ఇంజినీరు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1930ల తొలినాళ్లలో లాస్ ఏంజెలెస్‌లో ఉక్కు గొట్టాలతో ఈ కత్తెర కుర్చీని తయారుచేశాడు. ఆస్పత్రి వరండాల్లో, రైల్వే స్టేషన్లలో నేడు కనిపించే మామూలు కుర్చీ చాలావరకు ఆ నమూనాకు కొనసాగింపే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ కుర్చీకి పని ఎక్కువ. తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ) 1985లో నెలకొల్పిన బర్డ్ ఆస్పత్రి ఎముకల జబ్బులకూ, పోలియో వంటి వైకల్యాలకూ పెట్టింది పేరు. స్విమ్స్, రుయా ఆస్పత్రులు పక్కపక్కనే ఉన్నాయి. చిత్తూరు వైపువారికి వేలూరులోని సీఎంసీ ఆస్పత్రి గంట ప్రయాణం. తుంటి ఎముక విరిగిన అవ్వనో, పక్షవాతం వచ్చిన తాతనో పలమనేరు నుంచో పుంగనూరు నుంచో కారులో తీసుకొచ్చి, ఓపీ దగ్గర దింపి, స్కానింగ్‌కు తిప్పి, మళ్లీ ఇంటికి చేర్చాలి. ఆ తిరుగుడులో కుర్చీ ఎన్నోసార్లు మడవాలి, ఎత్తాలి, విప్పాలి. అయినా చాలామంది దుకాణానికి వెళ్లి అడిగేది ధర ఒక్కటే. అడగాల్సిన మొదటి మాట కొలత.

కొలవాల్సిన మనిషిని గట్టి బల్ల మీద కూర్చోబెట్టి టేపు పట్టాలి. తుంటి దగ్గర ఎక్కడ ఎక్కువ వెడల్పుందో అక్కడ కొలిచి, దానికి ఒకటి లేదా ఒకటిన్నర అంగుళం కలిపితే సీటు వెడల్పు వస్తుంది. దుకాణాల్లో ఎక్కువగా దొరికేది 18 అంగుళాల సీటు. సన్నగా ఉండే మన ముసలివాళ్లలో చాలామందికి 16 సరిపోతుంది. వదులుగా ఉంటే హాయిగా ఉంటుందనుకోవడం పొరపాటు. సీటు వెడల్పైతే మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు, వెన్ను వంకరపోతుంది, చక్రం అందుకోవడానికి చేతులు బాగా చాచాల్సి వస్తుంది. లోతు కొలత ఇంకా ముఖ్యం, అయినా దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి, అందులో రెండు అంగుళాలు తగ్గించాలి. లోతు ఎక్కువైతే సీటు అంచు మోకాలి వెనక నొక్కుతుంది. ఆ నొప్పి తప్పించుకోవడానికి మనిషి ముందుకు జారి నడుము మీద కూర్చుంటాడు. ఆస్పత్రి వరండాల్లో జారగిలబడి కనిపించే ముసలివాళ్లందరిదీ ఓపిక లేకపోవడమే కాదు, కొందరిది సీటు లోతు ఎక్కువైన బాధ.

పాదాలు ఫుట్‌రెస్ట్ మీద పూర్తిగా ఆనాలి, ఫుట్‌రెస్ట్‌కూ నేలకూ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తుంటే ఫుట్‌రెస్ట్ ఎత్తు ఎక్కువైనట్టే. అప్పుడు ఒంటి బరువంతా పిరుదుల ఎముకల మీద పడుతుంది. చేతులు ఆనించే కమ్మీల మీద మోచేయి పెట్టినప్పుడు భుజాలు పైకి లేవకూడదు, కిందికి వేలాడకూడదు. ఆ కమ్మీలు పైకి లేచేవిగానో, ఊడదీసేవిగానో ఉంటే మంచం మీదికి, కారు సీటులోకి పక్కగా జరపడం తేలిక. కదలని కమ్మీలున్న కుర్చీ నాలుగు డబ్బులు తక్కువకు వస్తుంది. దాని ఖర్చు తర్వాత ఎత్తి దించేవారి నడుము కడుతుంది.

మడత కుర్చీకి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. మడవాలంటే సీటు గుడ్డదే కావాలి. గుడ్డ వాడేకొద్దీ ఉయ్యాలలా కుంగుతుంది, తొడలు లోపలికి ఒరుగుతాయి, తుంటి ఒక పక్కకు వాలుతుంది. రోజుకు అరగంట కూర్చునేవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందులోనే ఉండేవారికి మాత్రం మెత్త తప్పనిసరి, ఆ మెత్త అడుగున గట్టి పలక ఉండాలి. మెత్తల్లో ఫోమ్, జెల్, గాలి నింపినవి ఉన్నాయి. వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ లేనివారికి, మధుమేహంతో మొద్దుబారినవారికి ఇది సుఖానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది. నొప్పి తెలియదు గనక ఒకే చోట ఒత్తిడి పడి చర్మం చితికి పుండవుతుంది, ఎముక దాకా పోతుంది. మెత్త ఎంత ఖరీదైనదైనా పావుగంటకో అరగంటకో ఒంటి బరువును ముందుకో పక్కకో మార్చుకుంటూ ఉండాల్సిందే. ఏ మెత్త సరిపోతుందో వైద్యుడో ఫిజియోథెరపిస్టో చూసి చెప్పాలి, అమ్మే మనిషి కాదు.

రోజంతా కుర్చీలో ఉండి బతుకును నడిపినవారికి గొప్ప ఉదాహరణ చిత్తూరు పొరుగునే ఉంది. వేలూరు సీఎంసీలో వైద్యురాలైన మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. ఆ తర్వాత ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అమెరికాలో పునరావాస వైద్యం చదివి వచ్చి సీఎంసీలో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. ఆమె కృషితో వేలూరు బాగాయంలో 1966లో పునరావాస కేంద్రం తెరుచుకుంది. ఆమెలా కుర్చీలోనే కూర్చుని బల్ల దగ్గర పనిచేసేవారికి ముందు భాగం పొట్టిగా ఉండే కమ్మీలు కావాలి, అప్పుడే కుర్చీ బల్ల కిందికి దూరుతుంది. చదువుకునే పిల్లలకు, దుకాణంలో గల్లా ముందు కూర్చునేవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

చక్రాల పరిమాణం చూస్తే కుర్చీ ఎవరి చేతుల మీద నడుస్తుందో తెలిసిపోతుంది. వెనక 24 అంగుళాల పెద్ద చక్రాలు, వాటి పక్కన చేతితో తిప్పే రింగు ఉన్నది కూర్చున్నవారు సొంతంగా తిప్పుకునే కుర్చీ. వెనక కూడా 12 అంగుళాల చిన్న చక్రాలున్నది మరొకరు నెట్టాల్సినది. చిన్న చక్రాలది తేలిక, ఇరుకు, డిక్కీలో ఇట్టే పడుతుంది. అందువల్ల ఇంట్లోవాళ్లకు దాని మీదే మనసు పోతుంది. కానీ చేతుల్లో సత్తువ ఉన్న మనిషిని అందులో కూర్చోబెడితే గడప దాటాలన్నా, వీధిలోకి తొంగిచూడాలన్నా ఇంకొకరిని పిలవాల్సిందే. ఆ స్వేచ్ఛను తీసేయడానికి నాలుగైదు కిలోల తేడా తగిన కారణం కాదు. ఇంకొకరి మీద ఎలాగూ ఆధారపడాల్సినవారికి, అప్పుడప్పుడు ఆస్పత్రికీ గుడికీ వెళ్లేందుకు మాత్రమే కావాలనుకునేవారికి చిన్న చక్రాలదే మేలు.

ఇంట్లో మొదటి పరీక్ష బాత్‌రూము తలుపు. 18 అంగుళాల సీటున్న పెద్ద చక్రాల కుర్చీ మొత్తం వెడల్పు 25, 26 అంగుళాలుంటుంది. రింగు పట్టుకున్న వేళ్లకు అటూ ఇటూ మరో అంగుళం కావాలి. మన ఇళ్లలో బాత్‌రూము తలుపులు చాలావాటికి రెండు లేదా రెండున్నర అడుగులే. తలుపు రెక్క పోను మిగిలిన ఖాళీని కొలవకుండా కుర్చీ కొంటే అది హాలులోనే ఆగిపోతుంది. ఆ తర్వాతది గడప. పసుపు రాసి, బొట్లు పెట్టి పూజించే గడపను తీసేయమంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు, తీయాల్సిన అవసరం కూడా లేదు. వాలు పలక ఒకటి చేయించుకుంటే చాలు. ఎత్తు అంగుళానికి పన్నెండు అంగుళాల పొడవు లెక్కన వాలు ఉండాలి. ఆరంగుళాల గడపకు ఆరడుగుల పలక అన్నమాట. పలక లేనప్పుడు కుర్చీని వెనక్కి వంచి ముందు చిన్న చక్రాలను గడప దాటించి, ఆపైన పెద్ద చక్రాలను నెట్టాలి. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి పెద్ద చక్రాలను ముందు దించాలి. ముఖం ముందుకు పెట్టి దించితే మనిషి జారి పడిపోతాడు.

ఇక ఎత్తే మనిషి సంగతి. ఉక్కు కుర్చీ 17 నుంచి 20 కిలోలు తూగుతుంది. అల్యూమినియంది 11 నుంచి 15 కిలోలు. అంకెల్లో ఈ తేడా చిన్నదే. కానీ కుర్చీని డిక్కీలోకి ఎత్తేది చాలా ఇళ్లలో భార్యో, కూతురో, కోడలో. ఆమె వయసు కూడా యాభై దాటే ఉండవచ్చు. ఒకసారి ఆస్పత్రికి వెళ్లివస్తే కనీసం నాలుగుసార్లు ఎత్తాలి, దించాలి. అందుకే కుర్చీ బరువును కూర్చునేవారి కోసం కాక ఎత్తేవారి కోసం చూడాలి. ఫుట్‌రెస్ట్‌లు ఊడి వచ్చేవైతే ఎత్తేటప్పుడు రెండు మూడు కిలోలు తగ్గుతాయి. వెనక చక్రాలు బొత్తాం నొక్కితే ఊడివచ్చే కుర్చీలూ ఉన్నాయి, అవి కొంచెం ఖరీదు. వీపు భాగం సగానికి మడిచే కుర్చీ చిన్న కార్లకు బాగా పనికొస్తుంది. గ్యాస్ సిలిండర్ బిగించిన టాక్సీల్లో డిక్కీ సగం నిండిపోయి ఉంటుంది, మామూలు మడత కుర్చీ అందులో పట్టక ముందు సీటుకూ వెనక సీటుకూ నడుమ నిలబెట్టాల్సి వస్తుంది. కొనేముందు సొంత కారునో, రోజూ పిలిచే టాక్సీనో, ఆటోనో దుకాణం ముందుకు తీసుకెళ్లి కుర్చీని అందులో పెట్టి చూడటం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు.

బండి కదిలేటప్పుడు మనిషి కారు సీటులోనే కూర్చుని బెల్టు పెట్టుకోవాలి. మామూలు మడత కుర్చీ నడిచే బండిలో కూర్చోవడానికి చేసింది కాదు. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇది మరీ ముఖ్యం. మడిచిన కుర్చీని కూడా దొర్లకుండా కట్టాలి. కొండ మీద 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు టీటీడీ ప్రత్యేక దర్శనం కోటా ఇస్తోంది. అయినా నిరీక్షణ ఎంతో కొంత తప్పదు గనక గుడి ప్రయాణానికి తీసుకెళ్లే కుర్చీలో మెత్త మరిచిపోకూడదు. రైలు పెట్టెల నడవాలో మామూలు కుర్చీ పట్టదు. చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్లలో దివ్యాంగుల పెట్టెకు వెడల్పు తలుపు ఉంటుంది, టికెట్టు కొనేటప్పుడే దాని సంగతి చూసుకోవాలి. రేణిగుంటలో విమానం ఎక్కేవారి కుర్చీని విమాన సంస్థలు సామానుతో పాటు ఉచితంగా తీసుకెళ్తాయి. బ్యాటరీతో నడిచే మడత కుర్చీ అయితే నియమాలు వేరు. ఊడదీసే లిథియం బ్యాటరీ 300 వాట్-అవర్లకు మించకూడదు, రెండు ఉంటే ఒక్కోటి 160కి మించకూడదు, వాటిని తీసి చేతి సామానులో పెట్టుకోవాలి. ఈ అంకె బ్యాటరీ మీద అచ్చై ఉందో లేదో కొనేటప్పుడే చూడాలి.

చక్రాల టైర్ల విషయంలో నేలే తీర్పరి. గాలి టైరు గులకరాళ్ల మీద, మట్టి దారి మీద కుదుపు తగ్గిస్తుంది, కానీ పంక్చరవుతుంది, గాలి తగ్గితే బ్రేకు కూడా పట్టదు. గట్టి రబ్బరు టైరుకు ఆ బెడద లేదు, టైల్స్ మీద చక్కగా పోతుంది, రాళ్ల మీద మాత్రం ఒళ్లు హూనం చేస్తుంది. పల్లెలో ఉండేవారు ముందు చక్రాలను మరీ జాగ్రత్తగా చూడాలి. ఐదారు అంగుళాల చిన్న చక్రం గుంటలో దిగబడి కుర్చీని ముందుకు బోర్లా వేస్తుంది. ఎనిమిది అంగుళాలది దాటుకుపోతుంది. ఎండలు కూడా లెక్కలోకి వస్తాయి. వేసవిలో ఈ ప్రాంతంలో 40 డిగ్రీలు మామూలు. రెక్సిన్ సీటు ఒంటికి అతుక్కుని చెమటకు చర్మం నానుతుంది, గాలి ఆడే నైలాన్ వల గుడ్డ నయం. ఎండలో ఆపిన కారులో ఉంచిన కుర్చీ లోహం భాగాలను చేత్తో తాకి చూశాకే మనిషిని కూర్చోబెట్టాలి. స్పర్శ లేని కాళ్లకు కాలిన సంగతి తెలియదు.

డబ్బు లేక కుర్చీ ఆగిపోయే ఇళ్లకు ప్రభుత్వ దారులు రెండున్నాయి. 60 ఏళ్లు దాటిన పేద వృద్ధులకు కుర్చీలు, చేతికర్రలు, వినికిడి పరికరాలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. కనీసం 40 శాతం వైకల్యం ధ్రువీకరణ అయినవారికి, ఆదాయ పరిమితికి లోబడి, కేంద్రం ఎడిప్ పథకం కింద ఉపకరణాలు ఇస్తుంది. దానికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి. ఈ కుర్చీలను ఎక్కువగా చేసేది కాన్పూరులోని అలిమ్‌కో, 1972లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ. శిబిరంలో ఇచ్చే కుర్చీ అయినా కొలత చూసి ఇవ్వమని అడగడంలో తప్పులేదు. మరోవైపు, చేతుల్లో బలం ఉండి రోజంతా తిరిగే యువతకు కత్తెర మడత లేని కుర్చీలూ వచ్చాయి. మద్రాస్ ఐఐటీ నుంచి వచ్చిన నియోఫ్లై ఒంటి కొలతలకు తగ్గట్టు అమర్చేది. 2025లో అక్కడి నుంచే వచ్చిన వైడీ వన్ 9 కిలోలే. అది కూడా మడిచే కుర్చీ కాదు.

దుకాణంలో కొనేముందు కూర్చునే మనిషిని కనీసం ఇరవై నిమిషాలు అందులో కూర్చోబెట్టాలి. ఎత్తబోయే మనిషి చేత మూడుసార్లు మడిపించి, విప్పించి చూడాలి. విప్పేటప్పుడు సీటు పక్క గొట్టాల మీద అరచేతులు ఆనించి నొక్కాలి, వేళ్లను లోపలి వైపు ఉంచాలి, గొట్టం చుట్టూ చుడితే నలిగిపోతాయి. బ్రేకులు వేసి గట్టిగా నెట్టినప్పుడు కుర్చీ కదలకూడదు. బ్రేకు వేయకుండా లేవబోయినా, ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి లేవబోయినా కుర్చీ జారవచ్చు, తిరగబడవచ్చు, ఈ సంగతి ఇంటిల్లిపాదికీ మొదటి రోజే చెప్పాలి. తెచ్చుకున్నాక పని కొంచెమే. వారానికోసారి టైర్ల గాలి చూడటం, నెలకోసారి కత్తెర బోల్టు, బ్రేకు మరలు బిగించడం, ముందు చక్రాల ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలను, చీర పోగులను కత్తెరతో తీసేయడం. కుర్చీ ఒక పక్కకు లాగుతుంటే ముందు చూడాల్సింది ఆ చిన్న చక్రాల ఇరుసే.