తెరలో లోపం లేదు.. ఆ ఒక్క పదమే కారణం!
లినక్స్ కంప్యూటర్లలో మసక దృశ్యానికి బూట్ దశలోనే పరిష్కారం

తుర్కయంజాల్: పాత కంప్యూటరులో లినక్స్ వేసుకున్నారు. అంతా సవ్యంగానే ఉంది. తెరపై అక్షరాలు మాత్రం లావుగా, మసకగా కనిపిస్తున్నాయి. సెట్టింగుల్లో 1024ఎక్స్768 తప్ప మరో రిజల్యూషన్ లేదు. మానిటర్ పాడైందనో, గ్రాఫిక్స్ కార్డు మార్చాలనో భావించి ఖర్చుకు సిద్ధపడేవారున్నారు. చాలా సందర్భాల్లో ఆ అవసరమే ఉండదు.

విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ముగించింది. విండోస్ 11కు కావాల్సిన హంగులు అనేక పాత యంత్రాల్లో లేవు. సాగర్ రహదారి వెంట ఉన్న తుర్కయంజాల్ వంటి శివారు ప్రాంతాల్లో కొత్తది కొనే స్తోమత లేని విద్యార్థికి లినక్స్ ఒక ఆసరా. హైదరాబాదుకు చెందిన ‘స్వేచ్ఛ’ సంస్థ దీనిని తెలుగులోనూ అందుబాటులోకి తెచ్చింది. తెర చిక్కు వద్దే ఆగిపోతే ఆ యంత్రం మూలన పడుతుంది.

ఎందుకిలా?

మానిటర్ తన కొలతలను ‘ఈడీఐడీ’ అనే సమాచారం ద్వారా కంప్యూటరుకు తెలుపుతుంది. లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నల్ దానిని చదివి రిజల్యూషన్‌ను నిర్ణయిస్తుంది. ఇంటెల్ చిప్పులకు ఈ ఏర్పాటు 2009లో 2.6.29 కెర్నల్‌తో వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడితే ‘నోమోడ్‌సెట్’ అనే పదాన్ని చేర్చుతారు. అది కెర్నల్‌ను ఆ పని చేయనీయదు. తెర వెలుగుతుంది, ఇన్‌స్టాల్ పూర్తవుతుంది. ఆ పదాన్ని తొలగించడం మాత్రం మరుస్తారు. దీంతో అసలు డ్రైవర్ పనిచేయక తక్కువ రిజల్యూషనే మిగులుతుంది. కేబుల్, కన్వర్టర్ లోపంతో ఈడీఐడీ అందకపోవడం మరో కారణం.

సరిచేయడం ఇలా..

* ముందుగా వేరే కేబుల్‌తో పరీక్షించాలి.

* కంప్యూటర్ ఆన్ కాగానే షిఫ్ట్ లేదా ఎస్కేప్ మీట నొక్కితే ‘గ్రబ్’ జాబితా వస్తుంది. అక్కడ ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం నొక్కాలి.

* ‘లినక్స్’ అనే పదంతో మొదలయ్యే వరుస చివరన నోమోడ్‌సెట్ ఉంటే చెరిపి, ఎఫ్10 నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. తెర నల్లబడినా భయం లేదు. రీస్టార్ట్ చేస్తే పాత స్థితి వస్తుంది.

* ఆ పదం లేకున్నా సమస్య ఉంటే, అదే వరుస చివర ‘వీడియో=వీజీఏ-1:1920ఎక్స్1080@60’ అని ఇంగ్లిష్‌లో చేర్చి చూడాలి. ‘వీడియో’ చిన్న అక్షరాల్లో, పోర్టు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. పోర్టు పేరు, అంకెలు మానిటర్‌ను బట్టి మారుతాయి.

* ఎన్విడియా కార్డులుంటే నోమోడ్‌సెట్‌తోనే ప్రారంభించి, ‘అదనపు డ్రైవర్లు’ విభాగంలో కంపెనీ డ్రైవర్ వేసుకున్నాక దానిని తీసేయాలి.

శాశ్వతం కావాలంటే..

ఫలితం కనిపించాకే ‘ఈటీసీ’లోని ‘డిఫాల్ట్’ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైలుకు నకలు తీసుకుని, అందులోనూ అదే మార్పు చేయాలి. ఉబుంటు, మింట్ వాడేవారు తర్వాత టెర్మినల్‌లో ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ ఆదేశం ఇచ్చి రీస్టార్ట్ చేయాలి. కొత్త మానిటర్ కొనేముందు ఈ పది నిమిషాల పరీక్ష చేసుకోవడం మేలు.