జబ్బు పేరు – మనిషి కథ

'భయం', 'దిగులు' అని జబ్బుకు పేరు పెట్టడం సులభం. ఆ బాధ ఆ వ్యక్తికే, ఆ సమయంలోనే ఎందుకు కలిగింది, ఎందుకు నిలిచిపోయింది అన్నదానికి సమాధానం కూర్చడం కష్టం. మానసిక చికిత్సలో ఈ కూర్పునే 'కేస్ ఫార్ములేషన్' అంటారు. తెలుగులో దీనిని మనం 'వృత్తాంత సమన్వయం' అనుకోవచ్చు.

ఇందులో సాధారణంగా ఐదు ప్రశ్నలుంటాయి. ప్రస్తుత బాధ ఏమిటి? దానికి పూర్వం నుంచి తావిచ్చిన పరిస్థితులేవి? దానిని రేపిన సంఘటన ఏది? దానిని తగ్గనీయకుండా పోషిస్తున్నదేది? ఆ వ్యక్తికి అండగా నిలిచే బలాలేవి?

ఒక ప్రసిద్ధ ఉదాహరణ చూద్దాం. వియన్నాలోని ఐదేండ్ల బాలుని వృత్తాంతాన్ని ఫ్రాయిడ్ 'లిటిల్ హాన్స్' అన్న మారుపేరుతో 1909లో ప్రకటించాడు. గుర్రాల భయంతో ఆ బాలుడు వీధిలోకి పోవడానికే జంకేవాడు. బరువైన బండిని లాగుతున్న గుర్రం కూలిపోవడం అతడు కళ్ళారా చూశాడు. గుర్రపు భయం వెనుక తండ్రి పట్ల భయం దాగి ఉన్నదని ఫ్రాయిడ్ భావించాడు. 1960లో వోల్పే, రాక్‌మన్ అనే శాస్త్రజ్ఞులు దానిని ఖండించి, గుర్రం వల్ల కలిగిన బెదురు అనుభవాలే మూలమన్నారు. 1973లో బౌల్బీ, తల్లి తనను విడిచిపోతుందేమోనన్న ఆందోళనను అందులో చూశాడు. బాలుడొక్కడే, సమన్వయాలు మూడు. వాటిననుసరించి చికిత్సా మార్గాలూ వేరవుతాయి. కావున సమన్వయం తీర్పు కాదు, ఊహ మాత్రమే. రోగితో కలిసి దానిని సరిచూడాలి, ఫలించనప్పుడు దిద్దుకోవాలి.

మేము వైద్యులం కాము. అయినా ఈ పాఠం మాకూ అవసరమైంది. ఒక విద్యార్థి తరగతిలో పద్యం చదవమంటే లేచి మౌనంగా నిలబడేవాడు. 'మొండివాడు' అని మేమే పేరు పెట్టాము. తరువాత విచారించగా తెలిసింది: ఇంటి భాష ఉర్దూ, బడి చదువూ ఉర్దూలోనే, తొలిదినాన అతని ఉచ్చారణకు తోటివారు నవ్వారు. మౌనం ఆ నవ్వునుంచి కాపాడింది గనుక మౌనమే అలవాటైంది. అందరి ఎదుట పదేపదే లేపి మేమే ఆ భయాన్ని పోషించాము. ఏకాంతంలో అడిగితే పద్యమంతా కంఠస్థంగా అప్పగించాడు!

విద్యార్థులారా, తోటివానికి పేరు పెట్టేముందు అతని కథ అడగండి. అడగడం ఆలస్యం చేసిన అధ్యాపకులుగా ఈ మాట చెబుతున్నాము.