తొక్కలో, టెంకలో దాగిన అనుగ్రహం

బనగానపల్లె అనగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది మామిడి పండు. ఒకప్పుడు నవాబుల సంస్థానంగా ఉండి, 1948లో భారతదేశంలో విలీనమైన ఈ ఊరి పేరే ఆ పండుకు స్థిరపడింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పీచు లేని తియ్యని గుజ్జును ఆరగించి మనం అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుంటాము. ఆ వెంటనే తొక్కను, టెంకను చెత్తబుట్టలో పడవేస్తాము.

ఇళ్లలో ఇది చిన్న విషయమే. గుజ్జు తీసే కర్మాగారాలలో మాత్రం పెద్ద సమస్య. బనగానపల్లె ముఖ్యంగా కోసుకు తినే పండు. చిత్తూరు ప్రాంతపు కర్మాగారాలకు ఎక్కువగా చేరేది తోతాపురి. పండు బరువులో దాదాపు మూడో వంతు నుంచి సగం దాకా తొక్క, టెంకల రూపంలో మిగిలిపోతుంది. కుప్పలుగా పోస్తే అవి త్వరగా కుళ్లి, గాలినీ నీటినీ పాడుచేస్తాయి.

ధర్మం ఏమంటోంది?

దివ్య ఖుర్ఆన్ అల్-అన్ఆమ్ సూరా 141వ ఆయతులో తోటలనూ పంటలనూ ప్రస్తావించిన అల్లాహ్, పండ్లు తినమన్నాడు, కోత రోజున వాటి హక్కు చెల్లించమన్నాడు, దుబారా చేయవద్దని హెచ్చరించాడు. తినడం, పేదల హక్కు, దుబారా – ఈ మూడూ ఒకే ఆయతులో రావడం గమనార్హం.

దైవప్రవక్త (స) ఒకసారి చచ్చిపడి ఉన్న మేకను చూశారు. అది హజ్రత్ మైమూనా (రజి) సేవకురాలికి దానంగా లభించినది. దాని చర్మాన్ని ఎందుకు వినియోగించుకోలేదని ఆయన అడిగారు. అది చచ్చిన జంతువు కదా అని సహచరులు అనగా, నిషిద్ధమైనది దానిని తినడం మాత్రమేనని వివరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ హదీసు మనకు పనికిరాదనుకున్న దానిలో సైతం ప్రయోజనాన్ని వెదకమని నేర్పుతోంది.

తొక్కలో ఏముంది?

మామిడి తొక్కలో పీచు పదార్థం, పండుకు పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు పుష్కలంగా ఉంటాయి. శుభ్రపరచి వెంటనే ఆరబెట్టి పొడి చేస్తే బిస్కెట్లలో, రొట్టెల పిండిలో కొద్దిపాళ్లలో కలపవచ్చు. తొక్క నుంచి పెక్టిన్ కూడా లభిస్తుంది. జామును, జెల్లీని గట్టిపరచేది ఇదే. మార్కెట్లోని పెక్టిన్ అధికంగా నిమ్మజాతి పండ్ల తొక్కల నుంచి, రసం తీసిన ఆపిల్ పిప్పి నుంచి వస్తుంది.

ముస్లిం కుటుంబాలకు ఇందులో మరో విశేషం ఉంది. పిల్లలు ఇష్టపడే జెల్లీ మిఠాయిలలో చాలావాటికి జెలటిన్ వాడతారు. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. పంది నుంచి తీసినదీ కావచ్చు. పెక్టిన్ మాత్రం వృక్ష సంబంధమైనది. ప్యాకెట్‌పై 440 అనే సంఖ్య పెక్టిన్‌ను సూచిస్తుంది. మిగతా పదార్థాలపై సందేహముంటే హలాల్ ధ్రువీకరణ చూసుకోవాలి.

టెంక లోపలి జీడి

ఎండిన జీడిలో సగానికి పైగా పిండి పదార్థమే. కొంత మాంసకృత్తులు, చెప్పుకోదగినంత కొవ్వు ఉంటాయి. ఈ కొవ్వు గుణంలో కోకో వెన్నను పోలినది. ఐరోపా సమాఖ్య 2000 నాటి నిబంధనలలో చాక్లెట్‌లో 5 శాతం దాకా అనుమతించిన ఆరు వృక్ష కొవ్వులలో మామిడి జీడి కొవ్వు ఒకటి.

మనం పారవేసే ఈ జీడినే విశాఖ మన్యంలోని గిరిజనులు ఎండబెట్టి, వగరు పోయేలా నీటిలో నానబెట్టి, అంబలి కాచుకునేవారు. అయితే 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో, 2024లో కంధమాల్ జిల్లాలో జీడి జావ తాగిన గిరిజనులు కొందరు మరణించారు. నిలవ ఉంచిన జీడికి తేమ తగిలి బూజు పట్టడమే కారణమనే అనుమానాలు వచ్చాయి. ఒకచోట చాక్లెట్‌కు చేరే వస్తువు, మరోచోట పేదవాని ప్రాణానికి ముప్పుగా మారింది. తేడా అంతా శుభ్రతలో, ఆరబెట్టడంలో, నిలవచేయడంలో ఉంది. ఆహారం హలాల్‌గా ఉంటే చాలదు, పరిశుద్ధంగానూ ఉండాలన్న ఖుర్ఆన్ బోధ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మనం చేయగలిగినది

జీడిపిండిని ఇంట్లో ప్రయోగించవద్దు. అది పరీక్షలు జరిపే సదుపాయమున్నచోట జరగవలసిన పని. మామిడి తొక్కపై సొన, పురుగుమందుల అవశేషాలు ఉండవచ్చు కనుక దానిని కూడా నేరుగా వంటలో వాడరాదు. కాని బీరకాయ తొక్కుతో పచ్చడి, పుచ్చకాయ తెల్లని కండతో కూర చేసిన అమ్మమ్మల, నానమ్మల వంటిల్లు మనకు తెలియనిది కాదు. దానిని తిరిగి తెచ్చుకోవచ్చు. మిగిలిన తొక్కలను ఎరువుగా మార్చవచ్చు.

పండ్ల వ్యాపారంలో ఉన్న సోదరులకు మా విజ్ఞప్తి ఒక్కటే. నలుగురు కలిసి లాభనష్టాలలో భాగస్వాములై, ఆహార నిపుణుల సలహాతో తొక్కలు ఆరబెట్టే చిన్న కేంద్రాన్ని నెలకొల్పే ఆలోచన చేయండి. కొందరు యువకులకు ఉపాధి దొరుకుతుంది, ఊరికి దుర్గంధం తప్పుతుంది. పండును సృష్టించినవాడే తొక్కను, టెంకను కూడా సృష్టించాడు. ఆయన వేటినీ వ్యర్థంగా సృష్టించలేదు.