ఓరుగల్లును సైకిల్ మీద చూసినోళ్లు ఎంతమంది?

వరంగల్‌కు మనం పోతనే ఉంటం. కోచింగ్‌కో, దవాఖానకో, పెండ్లి బట్టలకో. పని ఒడువంగనే బస్సెక్కుతం. "కోట చూసినవా?" అంటే "ఆ, తోరణం కాడ ఫొటో దిగిన" అంటం. ఫొటో దిగుడు వేరే, ఊరు చూసుడు వేరే.

బండి మీద పోతే కోట పది నిమిషాల్ల అయిపోతది. నడిస్తే ఎండకు సగంలనే కూలవడ్తం. సైకిలైతే రెండిటికి నడుమ సరిగ్గ సరిపోతది. జిమ్ము అక్కర లేదు, పెట్రోల్ అక్కర లేదు, గేర్ల సైకిల్ కూడ అక్కర లేదు. బడికి తొక్కిన పాత సైకిల్‌కు హవా కొట్టించి, బ్రేకులు చూస్కుంటే చాలు.

మొదటి తొవ్వ కోట తొవ్వ. వరంగల్ రైల్వే స్టేషన్ కాడికెళ్లి ఖిలా వరంగల్ సుమారు 3 కిలోమీటర్లు. ముందుగాల మట్టికోట కట్ట వస్తది, దాని తర్వాత రాతికోట. రాతికోట ఈ చివరి నుంచి ఆ చివరికి దగ్గర దగ్గర 1.2 కిలోమీటర్లు, మట్టికోట దానికి రెండింతలు. గణపతిదేవుడు మొదలువెట్టిన రాతికోటను ఆయన బిడ్డ రుద్రమదేవి పూర్తి చేసింది. దర్వాజ కాడికి రాంగనే తొవ్వ సీదా పోదు, అడ్డం మలుగుతది. ఎందుకు? శత్రువు ఏనుగులు, గుర్రాలు ఉరికొచ్చి ఒక్కపాలి తలుపు మీద పడకుండ. గా మలుపుల సైకిల్ కూడ మెల్లగ కావాలె. కట్టినోని తెలివి పుస్తకంల కాదు, బ్రేక్ పట్టినప్పుడు తెలుస్తది.

లోపట నాలుగు దిక్కుల నాలుగు కీర్తి తోరణాలు, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట. ఓరుగల్లుకు ఏకశిలానగరం అన్న పేరు ఒక్క రాయి మీదికెళ్లే వచ్చింది. ఇండ్లు, పొలాలు కూడ కోట లోపటనే ఉన్నయ్. కోట అంటే మ్యూజియం కాదు, మనుషులు బతికే ఊరు. అందుకే వాకిట్ల కూసున్న పెద్దోళ్లకు దండం పెట్టి తొవ్వ అడుగుర్రి, గంట కొట్టుకుంట ఉరకకుర్రి.

రెండో తొవ్వ హన్మకొండది. వేయిస్తంభాల గుడి కాడ మొదలుపెట్టుర్రి. రుద్రదేవుడు 1163ల కట్టించిన గుడి ఇది. ఆడికెళ్లి పద్మాక్షి గుట్ట పోతే రాయి మీద చెక్కిన జైన శిల్పాలు కనవడ్తయ్. తర్వాత భద్రకాళి చెరువు. ఈ మూడు దగ్గర దగ్గరనే ఉన్నయ్, కొత్తగ తొక్కేటోళ్లకు మంచిగుంటది. కట్ట మీద జనం నడిచే కాడ సైకిల్ దిగి నడిపించుకపోవాలె.

మూడోది జరంత దూరం. వడ్డేపల్లి చెరువు చూసుకుంట కాజీపేట దిక్కు పోయి, ధర్మసాగర్ చెరువు దాక. హన్మకొండ నుంచి ఒక దిక్కు సుమారు 15 కిలోమీటర్లు. మెల్లగ పోతే పోయి రానీకి ఒక పూట పడ్తది. హైదరాబాద్ హైవే మీద లారీలు, బస్సులు ఆగయ్, కాబట్టి ఓరకే తొక్కాలె, పొద్దుగూకకముందే ఇల్లు చేరాలె. రామప్ప కూడ పోదామంటరు కొందరు. అది ఈజీ లెక్కల రాదు, 60 కిలోమీటర్లకు పైన ఉన్నది. గాడికి బస్సే నయం.

వానలు ఆగినంక, చలికాలం దాక తొక్కనీకి మంచి టైం. ఎండకాలమైతే పొద్దుగాల ఎనిమిది కొట్టకముందే వాపస్ రావాలె. సీసాల నీళ్లు, తలకు రుమాల, జేబుల పంక్చర్‌కు పైసలు ఉంటే చాలు. చెల్లెండ్లు కూడ పోవచ్చు. ఒక్కలు కాకుండ నలుగురైదుగురు కలిసి, ఇంట్ల చెప్పి పోతే అమ్మకు గుబులుండదు.

ఇగ అసలు ముచ్చట. ఇది ఉత్త సరదా కోసం చెప్తలేను. కాకతీయులు గుళ్లతోని పాటు చెరువులు కూడ కట్టిండ్రు. ఎగువ చెరువు మత్తడి దుంకితే నీళ్లు దిగువ చెరువుకు పోవాలె, అదే గొలుసుకట్టు. నీళ్ల తొవ్వకు అడ్డం కట్టుకుంటే ఏమైతదో 2020 ఆగస్టుల వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు చూసినం. కట్ట పొంటి సైకిల్ తొక్కినోనికి శికం భూమి ఏడిదాక ఉండాలె, ఇప్పుడు ఏడిదాక ఉన్నది అన్నది కండ్లకు కనవడ్తది. కార్ల అద్దాలెక్కించుకొని పోయేటోనికి అది కనవడదు. చూడనోనికి పోయినా తెల్వది, తెల్వనోడు అడగడు.

మన ఊర్లల్ల సైకిల్ తొక్కుడంటే గరీబోని పని అన్నట్టు అయింది. ఇంటరు కాంగనే కిస్తీల మీద బండి కావాలె. బండి వద్దంటలేను. వారంల ఒక్క ఐతారం పొద్దుగాల మూలకు పడ్డ సైకిల్ తీయమంటున్న. వరంగల్ దూరమైతే మీ ఊరి చెరువు కట్ట మీదనే మొదలుపెట్టుర్రి. మత్తడి కాడికెళ్లి నీళ్లు ఏడికి పోతున్నయో, ఏడ ఆగిపోయినయో ఆడిదాక తొక్కి చూసి రార్రి.