ఐపీ అడ్రస్‌ని బ్లాక్ చేస్తే దెబ్బ ఎవరికి? స్పామ్‌హౌస్, సైబర్‌బంకర్ గొడవ

పోయిన ఎపిసోడ్‌లో ఐపీ అడ్రస్ అంటే ఏంటో చెప్పుకున్నాం. ఈ రోజు ఆ అడ్రస్‌ని చూసి ట్రాఫిక్‌ని ఆపేయడం, అంటే ఫిల్టరింగ్ గురించి మాట్లాడుకుందాం. వినడానికి చప్పగా ఉంటుంది కానీ, దీని మీద నెట్‌వర్క్ నడిపేవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కొట్టుకున్నారు. కేసులు, అరెస్టుల దాకా వెళ్ళింది.

ముందు పని ఎలా జరుగుతుందో చూడండి. మీ మెయిల్ సర్వర్‌కి 192.0.2.45 అనే అడ్రస్ నుంచి ఒక కనెక్షన్ వచ్చిందనుకోండి. సర్వర్ ఆ అంకెలను తిరగేసి, 45.2.0.192 చివర బ్లాక్‌లిస్ట్ వాళ్ళ డొమైన్ పేరు తగిలించి, మామూలు డీఎన్ఎస్ ప్రశ్న అడుగుతుంది. 127.0.0.2 లాంటి జవాబు వస్తే ఆ అడ్రస్ లిస్టులో ఉన్నట్టు. అలాంటి పేరే లేదని వస్తే లిస్టులో లేనట్టు. అంతే. ఇంత సింపుల్ కాబట్టే ప్రపంచమంతా పాకింది. పాల్ విక్సీ 1997లో మొదలుపెట్టిన మ్యాప్స్ లిస్టు ఈ పద్ధతికి దారి చూపింది. ఆ పేరుని ఇంగ్లీషులో తిరగేసి చదవండి, స్పామ్ అని వస్తుంది. 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ లండన్‌లో స్పామ్‌హౌస్ పెట్టాడు.

గొడవ ఎక్కడంటే, అడ్రస్ అనేది మనిషి కాదు. ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర 256 అడ్రస్‌ల బ్లాక్ ఉంటుంది, అందులో ఒక్కడు స్పామ్ పంపుతాడు. వాడి అడ్రస్‌ని ఆపితే పక్క అడ్రస్‌కి మారతాడు. విసిగిపోయి మొత్తం బ్లాక్‌నే లిస్టులో వేస్తే, ఏ పాపం తెలియని మిగతా కస్టమర్ల మెయిల్స్ కూడా ఆగిపోతాయి. ఒక ఫ్లాట్ వాడు బాకీ పడ్డాడని అపార్ట్‌మెంట్ మొత్తానికి పాలు వేయడం మానేసినట్టు. కాకపోతే దాని వెనక ఒక లెక్క ఉంది: మిగతా ఫ్లాట్ల వాళ్ళు ఓనర్ మీద అరుస్తారు, ఓనర్ వాడిని ఖాళీ చేయిస్తాడు. 2000ల మొదట్లో స్ప్యూస్ అనే లిస్టు ఇదే చేసింది. పైగా దాన్ని ఎవరు నడిపేవాళ్ళో కూడా ఎవరికీ తెలియదు. తీసేయమని బతిమాలుకోవాలంటే ఒక బహిరంగ న్యూస్‌గ్రూపులో రాయాలి, అక్కడ చాలామందికి దొరికింది వెటకారమే. స్పామ్ మీద కోపం న్యాయమే కానీ, ఆ వెటకారం మాత్రం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

స్పామ్‌హౌస్ వాదన వేరు. "మేము ఎవరినీ ఆపం, మా అభిప్రాయం ప్రకటిస్తాం, వాడుకోవాలా వద్దా అనేది మెయిల్ సర్వర్ నడిపేవాళ్ళ ఇష్టం" అంటారు. మాట నిజమే. కానీ అంతమంది ఆ అభిప్రాయాన్నే పాటిస్తే అది తీర్పుతో సమానం కదా. అమెరికాలో ఈ360 అనే కంపెనీ వీళ్ళ మీద కేసు వేస్తే, 2006లో కోర్టు 1.17 కోట్ల డాలర్ల నష్టపరిహారం వేసింది. అప్పీళ్ళ తర్వాత 2011లో అది ఎంతకు దిగిందో తెలుసా? 3 డాలర్లు.

ఇక అసలు యుద్ధం. నెదర్లాండ్స్‌లో ఒక పాత నాటో బంకర్ పేరు మీద సైబర్‌బంకర్ అనే హోస్టింగ్ కంపెనీ ఉండేది. పిల్లల అశ్లీల చిత్రాలు, ఉగ్రవాదం తప్ప ఏదైనా పెట్టుకోండి అనేది వాళ్ళ పాలసీ. 2011లో వీళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చే పై కంపెనీ అడ్రస్‌లను స్పామ్‌హౌస్ లిస్టులోకి ఎక్కించింది. ఆ పై కంపెనీ సైబర్‌బంకర్‌ని వదిలించుకుంది, అదే చేత్తో స్పామ్‌హౌస్ మీద డచ్ పోలీసులకి ఫిర్యాదూ చేసింది. 2013 మార్చి 18న స్పామ్‌హౌస్ మీద దాడి మొదలైంది. క్లౌడ్‌ఫ్లేర్ అడ్డం నిలబడింది. సెకనుకి 300 గిగాబిట్ల దాకా వెళ్ళిందని అప్పుడు ప్రకటించారు, అప్పటికి అది రికార్డు. సైబర్‌బంకర్ తరఫున మాట్లాడే స్వెన్ ఓలాఫ్ కాంప్‌హుయిస్, స్పామ్‌హౌస్ పలుకుబడిని దుర్వినియోగం చేస్తోందని, ఇది ప్రతీకారమని న్యూయార్క్ టైమ్స్‌తో అన్నాడు.

అంత ట్రాఫిక్ ఎలా పుట్టించారు? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. మీ మీద కోపం ఉన్నవాడు ఊళ్ళో ఉన్న హోటళ్ళన్నిటికీ ఫోన్ చేసి, మీ ఇంటి అడ్రస్ ఇచ్చి, క్యాష్ ఆన్ డెలివరీలో బిర్యానీ చెప్పాడనుకోండి. ఫోన్ చేసింది వాడు, గుమ్మం ముందు జనం మీకు. డీఎన్ఎస్‌లోనూ ఇంతే. దాదాపు 36 బైట్ల ప్రశ్న పంపేవాళ్ళు, పంపినవాడి అడ్రస్ దగ్గర స్పామ్‌హౌస్ అడ్రస్ రాసేవాళ్ళు. దాదాపు 3,000 బైట్ల జవాబు స్పామ్‌హౌస్ మీద పడేది. ఎవరడిగినా జవాబిచ్చే డీఎన్ఎస్ సర్వర్లు అప్పటికి కోట్లలో ఉన్నాయి.

ఈ దొంగ అడ్రస్‌ని ఆపే ఫిల్టర్ అప్పటికే ఉంది. 2000 మే నెలలో బీసీపీ 38 పేరుతో రాసి పెట్టారు. నీ కస్టమర్‌కి నువ్వు ఇచ్చిన అడ్రస్ కాకుండా వేరే అడ్రస్‌తో ప్యాకెట్ బయటికి పోతుంటే, గేటు దగ్గరే పారెయ్. కానీ 13 ఏళ్ళయినా చాలా నెట్‌వర్క్‌లు పెట్టుకోలేదు. కారణం చూడండి: ఫిల్టర్ పెట్టే ఖర్చు నాది, లాభం ఎక్కడో ఉన్న ఇంకొకడిది. పక్కవాడి అడ్రస్‌ని ఆపాలా వద్దా అని ఏళ్ళ తరబడి తిట్టుకున్న ఇంజినీర్లలో ఎంతమంది తమ గేటు చూసుకున్నారో మరి!

2013 ఏప్రిల్‌లో కాంప్‌హుయిస్‌ని స్పెయిన్‌లో పట్టుకున్నారు. ఒక వ్యాన్‌నే ఆఫీసు చేసుకుని తిరుగుతున్నాడని పోలీసులు చెప్పారు. 2016లో డచ్ కోర్టు 240 రోజుల శిక్ష వేసింది. అప్పటికే 55 రోజులు జైల్లో ఉన్నాడు కాబట్టి మళ్ళీ లోపలికి వెళ్ళే పని పడలేదు. ఇదే దాడి కేసులో లండన్‌లో ఒక టీనేజ్ కుర్రాడు కూడా దొరికాడు. అతనికి 240 గంటల సమాజ సేవ.

మొబైల్ ఆపరేటర్లు వేలమందికి ఒకే బయటి అడ్రస్ ఇస్తారు కదా, అలాంటప్పుడు అడ్రస్‌ని బ్లాక్ చేస్తే ఏమవుతుందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.