మాంసము మెత్తబడుట ఎట్లు?

వరంగల్లులో ఉదయము తెచ్చిన మేకమాంసము సాధారణముగా మధ్యాహ్నమునకే కూర యగును. మిగిలినచో ఉప్పు, పసుపు పట్టించి, తాడునకు గ్రుచ్చి ఎండబెట్టి ‘ఒట్టి తునకలు’ చేయుట తెలంగాణ పల్లెల వాడుక. పాశ్చాత్య దేశములలో గొడ్డుమాంసమును 0 నుండి 4 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో కొన్ని వారములు మాగనిత్తురు. ఈ భేదమునకు కారణమేమి?

జంతువు చనిపోయిన పిదప కండరమునకు ఆమ్లజని అందదు. అందలి గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లముగా మారును, పి.హెచ్. సుమారు 7 నుండి 5.6కు దిగును. ఎ.టి.పి. తరిగిపోగా ఆక్టిన్, మయోసిన్ అను ప్రోటీనులు పెనవేసికొని కండరము బిగుసుకొనును. పిమ్మట కాల్పెయిన్ వంటి ఎంజైములు కండర తంతువుల ప్రోటీనులను త్రెంచగా మాంసము మెత్తబడును; విడివడిన అమైనో ఆమ్లముల వలన రుచి హెచ్చును. గాలిలో వ్రేలాడదీసి మాగించినచో నీరు ఆవిరియై రుచి చిక్కబడును. గాలి చొరని సంచిలో మాగించినచో తడి నిలుచును. రెండింటను చలి బాక్టీరియాను అణచి, ఎంజైములకు వ్యవధి నిచ్చును.

వరంగల్లు వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును. ఆ వేడిలో ఉంచిన పచ్చిమాంసము మాగదు, కుళ్ళును. తునకలలో నీరు తరిగినందున బాక్టీరియా పెరగదు, ఎంజైముల పనియు దాదాపు ఆగును. అందుచే అవి చెడవు, మెత్తబడవు. వండుటకు ముందు నానబెట్టవలెను. మాంసము మాగుటకు కాల మొక్కటే చాలదు, చలియు కావలెను.