ఫ్యాంటసీ టీమ్‌కు బౌలర్లను ఎలా ఎంచుకోవాలి? పేరు కాదు.. ఏ ఓవర్ వేస్తాడో చూడండి!

బాపట్ల జిల్లా నిజాంపట్నం హార్బర్‌లో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు బోట్లు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కావడంతో 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఐపీఎల్ జోరు మీదుండేదీ అప్పుడే. వేట లేదు, చేతిలో ఫోన్ ఉంది, రోజూ రాత్రి మ్యాచ్ ఉంది. ఫ్యాంటసీ టీమ్ మీద చర్చ మొదలవడానికి అంతకంటే ఏం కావాలి?

బ్యాటర్లను ఎంచుకోవడంలో పెద్దగా తేడా రాదు. కోహ్లి, రోహిత్ పేర్లు అందరి టీమ్‌లోనూ ఉంటాయి. పాయింట్లు తారుమారయ్యేది బౌలర్ల దగ్గరే. మరి వాళ్లను ఎలా ఎంచుకోవాలి?

అసలు ఈ ఆట ఎక్కడ పుట్టింది?

అమెరికాలో. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన మిత్రులు కలిసి బేస్‌బాల్ ఆటగాళ్లతో ఊహాజట్లు కట్టి ఆడారు. అక్కడ బంతి విసిరే పిచర్ల విషయంలోనూ ఇదే చర్చ. ఆట మొదట్లో వచ్చే స్టార్టర్ కావాలా, చివర్లో వచ్చి ముగించే క్లోజర్ కావాలా అని తెగ ఆలోచిస్తారు. క్రికెట్‌లోనూ లెక్క దాదాపు అంతే.

వికెట్లా? పొదుపా?

2024 ఐపీఎల్‌నే తీసుకోండి. పంజాబ్ బౌలర్ హర్షల్ పటేల్ 14 మ్యాచ్‌ల్లో 24 వికెట్లు తీసి పర్పుల్ క్యాప్ గెలిచాడు. కానీ ఓవర్‌కు 9.73 పరుగులు ఇచ్చాడు. ముంబై బౌలర్ బుమ్రా 13 మ్యాచ్‌ల్లో 20 వికెట్లు తీశాడు. ఓవర్‌కు ఇచ్చింది 6.48 పరుగులే.

బౌలర్‌గా ఎవరు గొప్ప అంటే చాలామంది బుమ్రా పేరే చెబుతారు. ఫ్యాంటసీ లెక్క మాత్రం వేరు. వికెట్‌కు 25 పాయింట్లు అనుకుంటే వికెట్ల ద్వారానే హర్షల్‌కు 600, బుమ్రాకు 500. పొదుపుగా వేస్తే బోనస్ ఉంటుంది, కానీ అది వికెట్ పాయింట్ల ముందు చిన్నదే. బౌల్డ్, ఎల్బీడబ్ల్యూలకు చాలాచోట్ల అదనపు పాయింట్లు ఇస్తారు. యార్కర్లు వేసేవాళ్లకు అక్కడ లాభం. రూల్స్ యాప్‌ను బట్టి మారతాయి కాబట్టి పాయింట్ల పట్టిక ముందే చదవాలి.

ఏ ఓవర్లు వేస్తాడు?

టీ20లో బౌలర్‌కు దక్కేది 24 బంతులే. అవి ఎప్పుడు పడతాయన్నదే కీలకం. పవర్‌ప్లేలో కొత్త బంతి స్వింగ్ అవుతుంది, చివరి 5 ఓవర్లలో బ్యాటర్లు ప్రతి బంతినీ బాదబోయి దొరికిపోతారు. ఈ రెండు చోట్లా బౌలింగ్ చేసే పేసర్ ఉంటే ముందు అతన్నే తీసుకోవాలి. వేటలోనూ అంతే కదా, బోటు సైజు కాదు.. వల ఎప్పుడు, ఎక్కడ వేశామన్నదే లెక్క.

ఆల్‌రౌండర్ అన్న ముద్ర చూసి మోసపోవద్దు. 2024లో సన్‌రైజర్స్ తరఫున 303 పరుగులు చేసిన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తీసిన వికెట్లు 3. అంటే అతన్ని తీసుకునేది బ్యాటింగ్ కోసమే. ఆ లెక్క తెలిసి తీసుకుంటే ఇబ్బంది లేదు.

ఇంకో మాట. ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ వచ్చాక కొందరు బౌలర్లు సెకండ్ ఇన్నింగ్స్‌కు మాత్రమే దిగుతున్నారు. అందుకే టాస్ అయ్యి తుది జట్లు వచ్చాకే టీమ్ ఖరారు చేసుకోవడం మంచిది. కెప్టెన్‌కు పాయింట్లు రెట్టింపు, వైస్ కెప్టెన్‌కు ఒకటిన్నర రెట్లు. పిచ్ బౌలర్లకు అనుకూలిస్తుందనిపిస్తే ఆ చోటు బౌలర్‌కు ఇచ్చి చూడొచ్చు.

లెక్క కరెక్టే.. అయినా సున్నా!

2024 మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 277 పరుగులు చేసిన మ్యాచ్ గుర్తుందా? ఆ రోజు బుమ్రా 4 ఓవర్లలో 36 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. అదే పిచ్‌పై కమిన్స్ 35 పరుగులిచ్చి 2 వికెట్లు తీశాడు. బుమ్రాను తీసుకోవడం తప్పు నిర్ణయమా? కాదు. 24 బంతుల ఆటలో అదృష్టం వాటా అంత ఉంటుంది. తెలివి సీజన్ మొత్తం మీద పనిచేస్తుంది, ఒక్క రాత్రికి గ్యారంటీ ఇవ్వదు.

డబ్బు పెట్టొద్దనేది ఇందుకే. చట్టం కూడా ఒప్పుకోదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంట్ దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. దాంతో డ్రీమ్11 లాంటి సంస్థలు డబ్బు పోటీలు ఆపేశాయి. ఇప్పటికీ ఎంట్రీ ఫీజు అడుగుతూ వాట్సాప్, టెలిగ్రామ్‌లో లింక్ వస్తే దాన్ని ముట్టుకోవద్దు.

2025లో వేట నిషేధ సాయంగా ప్రభుత్వం మత్స్యకారులకు ఇచ్చింది రూ.20 వేలు. రెండు నెలలు ఇల్లు గడవాల్సిన డబ్బు అది. ఎవరో ఒక బౌలర్ వేసే 24 బంతుల మీద పెట్టాల్సింది కాదు. ఫ్రీగా ఆడండి, ఫ్రెండ్స్‌తో పందెం కట్టకుండా పోటీ పడండి. ఓడినా పోయేది పాయింట్లే!